ఇద్దరూ యుద్ధానికే పోతే ఇంట్లో ఎవరు?

విశాఖ బీచ్ రోడ్డు మీద కురుసుర సబ్‌మెరైన్ లోపలికి వెళ్లినవాళ్లకు ముందుగా తెలిసొచ్చేది అందులో మనిషికి ఎంత తక్కువ చోటుందో. పొడవు 91 మీటర్లు ఉంది కానీ లోపల ఎదురెదురుగా వచ్చిన ఇద్దరు తప్పుకోవాలంటే ఒకరు గోడకు అతుక్కుపోవాలి, గుండ్రటి తలుపుల దగ్గర తల వంచి కాలెత్తి దూరాలి, నీళ్లలో దూసుకెళ్లి ఓడల్ని పేల్చే టార్పెడోలు ఉండే గదిలోనే పడకలు కూడా ఉంటాయి. 1969లో నేవీలో చేరి 2001లో రిటైరైన ఈ సబ్‌మెరైన్‌ని 2002 నుంచి జనం చూస్తున్నారు. పిల్లలకు అదంతా సరదాగా ఉంటుంది. నేవీలో కొడుకున్న తల్లి ఎవరైనా వస్తే మాత్రం ఆ పడకల దగ్గరే ఆగిపోతుంది. ఇలాంటి ఇనుప గొట్టంలో ఒకే తల్లి కన్న ఇద్దరు కొడుకులు ఉంటే ఎలా ఉంటుంది, ముగ్గురో నలుగురో ఉంటే?

ఈ ప్రశ్న మీదే యుద్ధ సినిమాల్లో ఒక ప్రత్యేకమైన కోవ పుట్టింది. అన్నదమ్ములు కలిసి సైన్యంలో చేరతారు, లేదా ఒకరి వెనక ఒకరు చేరతారు, కథ ఎక్కడ మొదలైనా చివరికి ఇంట్లో ఎంతమంది మిగిలారన్న లెక్క దగ్గరికే వస్తుంది. ఈ సినిమాలు బయటికి యుద్ధ సినిమాల్లా కనిపిస్తాయి కానీ లోపల పక్కా కుటుంబ కథలు. అందుకే ఇలాంటి సినిమా నిలబడిందా పడిపోయిందా చూడాలంటే బాంబులు ఎంత బాగా పేల్చారో చూడక్కర్లేదు, ఇంటిని ఎంతసేపు చూపించారో చూస్తే చాలు.

దీనికి మూలం అనదగ్గ కథ 1942లో నిజంగా జరిగింది. ఆ ఏడాది విశాఖకు కూడా మామూలు ఏడాది కాదు, ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఈ ఊరి మీద బాంబులు వేశాయి. అదే జపాన్‌తో పసిఫిక్ సముద్రంలో అమెరికా పోరాడుతోంది. అమెరికాలో అయోవా రాష్ట్రంలోని వాటర్లూ అనే ఊళ్లో సలివన్ అనే రైల్వే ఉద్యోగికి ఐదుగురు కొడుకులు: జార్జ్, ఫ్రాంక్, జో, మ్యాట్, ఆల్. జపాన్ దాడి చేసిన అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్‌లో అరిజోనా ఓడ మీద తమకు తెలిసిన కుర్రాడు చనిపోయాడని విని ఐదుగురూ నేవీలో చేరడానికి వెళ్లారు, ఒక్కటే షరతు పెట్టారు, మమ్మల్ని విడదీయకూడదు అని. ఆఖరివాడు ఆల్‌కి అప్పటికే పెళ్లయింది, పసిబిడ్డ ఉన్నాడు, అయినా అన్నల వెంట వెళ్లాడు. ఒకే ఇంటివాళ్లను ఒకే ఓడలో పెట్టకూడదన్న ఆలోచన నేవీలో అప్పటికే ఉంది కానీ గట్టిగా అమలు కాలేదు. పైగా యుద్ధంలో జనాన్ని ఉత్సాహపరచడానికి ఐదుగురు అన్నదమ్ముల ఫొటో బాగా పనికొచ్చింది.

వాళ్లకు ఇచ్చిన ఓడ పేరు జూనో. 1942 నవంబర్ 13న గ్వాడల్‌కెనాల్ దీవి దగ్గర రాత్రి జరిగిన పోరులో అది బాగా దెబ్బతింది. తెల్లారాక మిగతా ఓడలతో పాటు నెమ్మదిగా వెనక్కి వెళుతుండగా జపాన్ సబ్‌మెరైన్ ఒకటి టార్పెడో వదిలింది. ఓడ పేలిపోయి క్షణాల్లో కనపడకుండా పోయింది. ఉన్నవాళ్లు సుమారు 700 మంది. ఇంత పేలుడు తర్వాత ఎవరూ బతికి ఉండరని మిగతా ఓడలు అనుకున్నాయి, ఆగితే తమకూ టార్పెడో తగులుతుందని ముందుకు వెళ్లిపోయాయి. నిజానికి వంద మంది దాకా నీళ్లలో బతికే ఉన్నారు. వెళ్లిపోతున్న ఓడలవాళ్లు పైన వెళ్తున్న విమానానికి సిగ్నల్‌తో ఆ చోటు చెప్పారు కానీ ఆ కబురు చేరాల్సిన చోటికి సమయానికి చేరలేదు. గాయాలు, ఎండ, దాహం, సొరచేపలు. చివరికి ఎనిమిది రోజుల తర్వాత రక్షించింది పది మందిని. ఆ పదిలో సలివన్లు లేరు.

ఇంటికి కబురు వచ్చింది 1943 జనవరిలో. నేవీ అధికారులు పొద్దున్నే వాకిట్లోకి వస్తే తండ్రి అడిగాడట, ఏ కొడుకు అని. ఐదుగురూ అని చెప్పారు.

ఏడాది తిరగ్గానే, అంటే 1944లో, హాలీవుడ్ ఈ కథని సినిమా తీసింది, దర్శకుడు లాయిడ్ బేకన్. ఈ సినిమా గురించి తెలుసుకోవాల్సిన మొదటి విషయం ఏంటంటే అందులో యుద్ధం చాలా తక్కువ. సినిమాలో ఎక్కువ భాగం పిల్లల అల్లరే. దొంగచాటుగా సిగరెట్లు, అన్నదమ్ముల కొట్లాటలు, తమ్ముడి పెళ్లి చెడగొట్టబోయి మళ్లీ వాళ్లే కలపడం, చిన్నోడు ఎప్పుడూ అందరికంటే వెనకబడి నన్నూ రానివ్వండి అంటూ పరిగెత్తుకు రావడం. తండ్రి రైలు మీద డ్యూటీకి వెళుతుంటే కొడుకులు నీళ్ల ట్యాంకు ఎక్కి చేతులూపుతారు, ఇది రోజూ జరిగే పని, ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఐదుగురూ పోయారని తెలిసిన రోజు కూడా తండ్రి డ్యూటీకి వెళతాడు. రైలు ఆ ట్యాంకు పక్క నుంచి వెళుతుంది. పైన ఎవరూ లేరు. ఆయన చెయ్యెత్తి సెల్యూట్ చేస్తాడు.

ఆ ఒక్క షాట్ కోసమే ముందు అంతసేపు అల్లరి చూపించారు. ఖాళీ ట్యాంకు చూస్తే గుండె పట్టేయాలంటే, దాని మీద పిల్లలు గెంతడం మనం నాలుగైదు సార్లు చూసి ఉండాలి, అదీ విసుగొచ్చేంత మామూలుగా. ఈ పని చాలా సినిమాలు చెయ్యలేవు. అన్నదమ్ముల ప్రేమ చూపించడానికి ఒక పాట పెట్టేసి, పాటలో ఒకే కంచంలో అన్నం తినిపించేసి, ఇక యుద్ధానికి వెళ్లిపోతాయి. తోడబుట్టినవాళ్ల ప్రేమ అలా ఉండదు. చొక్కా ఎవరు వేసుకున్నారని తగువు, సైకిల్ కోసం తగువు, నాన్న దగ్గర ఒకడి తప్పు ఇంకొకడు మోయడం, ఇవన్నీ కలిస్తేనే అది నమ్మకంగా ఉంటుంది.

ఇక లెక్క సంగతి. ఎంతమంది కొడుకుల్ని ఒక ఇల్లు ఇవ్వాలి, ఎక్కడ ఆపాలి? దీనికి మన దగ్గర చాలా పాత జవాబు ఉంది. ఎర్రన పూర్తి చేసిన అరణ్యపర్వంలో యక్షుడు నలుగురు తమ్ముళ్లలో ఒక్కణ్ని బతికిస్తా, ఎవరు కావాలో చెప్పమంటాడు. ముందున్నది యుద్ధం, ఎవరైనా భీముణ్నో అర్జునుణ్నో అడుగుతారు. ధర్మరాజు నకులుణ్ని అడుగుతాడు. కుంతికి నేనున్నాను, మాద్రికీ ఒక కొడుకు ఉండాలి కదా అంటాడు. యుద్ధంలో ఎవరు పనికొస్తారని చూడలేదు ఆయన, ఏ తల్లికి ఎవరు మిగులుతారని చూశాడు. ఉద్యోగపర్వంలో కుంతి కర్ణుడి దగ్గరికి వెళ్లినప్పుడు కర్ణుడు ఇచ్చిన మాట కూడా ఈ లెక్కే: నేనో అర్జునుడో పోతాం, ఎలాగైనా నీకు ఐదుగురు కొడుకులు ఉంటారు. చిన్నప్పటి నుంచి విన్న కథలే కాబట్టి వీటిలో ఎంత ఘోరమైన బేరం ఉందో మనకు తట్టదు.

అమెరికా ఇదే సంగతిని 1948లో చట్టంలో రాసుకుంది, యుద్ధంలో పిల్లల్ని పోగొట్టుకున్న ఇంట్లో మిగిలిన ఒక్క కొడుకును నిర్బంధంగా సైన్యంలోకి తీసుకోకూడదని. అన్నదమ్ములు ఒకే ఓడలో ఉండకూడదని చట్టం వచ్చిందని చాలామంది అనుకుంటారు కానీ అది నిజం కాదు. సలివన్ల కంటే ముందే, పెర్ల్ హార్బర్‌లో మునిగిన అరిజోనా ఓడ మీద మూడు డజన్లకు పైగా అన్నదమ్ముల జట్లు ఉన్నాయి, ఎక్కువమంది ఆ రోజే పోయారు.

స్టీవెన్ స్పీల్‌బర్గ్ 1998లో తీసిన సేవింగ్ ప్రైవేట్ ర్యాన్ ఈ లెక్క మీదే నడుస్తుంది. ముగ్గురు కొడుకులు పోయారు, నాలుగోవాణ్ని వెతికి వెనక్కి తేవడానికి ఎనిమిది మంది వెళతారు. ఒక్కడి కోసం ఎనిమిది మంది ప్రాణాలు ఎందుకు పణంగా పెట్టాలని వాళ్లలో వాళ్లే గొడవపడతారు. ఆ ఎనిమిది మందికీ తల్లులు ఉన్నారుగా. అదే సినిమాలో గట్టి ముడి. కానీ దాని వెనకున్న అసలు కథ వేరుగా జరిగింది. నైలాండ్ అనే ఇంటి నలుగురు కొడుకుల్లో ఇద్దరు 1944 జూన్‌లో ఫ్రాన్స్‌లోని నార్మండీలో చనిపోయారు, మూడోవాడు ఎడ్వర్డ్ బర్మాలో చనిపోయాడనుకున్నారు, నాలుగోవాడు ఫ్రిట్జ్‌ని వెనక్కి పంపారు. అతని కోసం ఏ దళమూ వెళ్లలేదు, సైన్యంలో పనిచేసే ఒక పాదిరీ అతన్ని కనిపెట్టి వెనక్కి పంపే ఏర్పాటు చూశాడు. ఎడ్వర్డ్ అయితే జపాన్ వాళ్ల ఖైదులో బతికే ఉన్నాడు, 1945లో బయటపడి ఇంటికొచ్చాడు. చచ్చిపోయాడని ఏడ్చిన కొడుకు గుమ్మంలో నిలబడటం కంటే పెద్ద సన్నివేశం ఏముంటుంది, సినిమా దాన్ని వదిలేసింది. వదిలేయడానికి కారణం అర్థమవుతుంది, అది ఉంటే వెతుకులాట మీద ఉన్న టెన్షన్ సగం పోతుంది. అయినా అది నష్టమే.

ఈ కోవలో అన్నిటికంటే లోతుకు వెళ్లింది కొరియా సినిమా తేగుక్కి, 2004లో వచ్చింది, దర్శకుడు కాంగ్ జే-గ్యూ. దక్షిణ కొరియాలో కోటీ పది లక్షలకు పైగా టికెట్లు తెగాయి. 1950, సోల్ నగరం. అన్న జిన్-టే వీధిలో బూట్లు పాలిష్ చేస్తాడు, తమ్ముడు జిన్-సోక్ చదువుకుంటున్నాడు, ఇంటి ఆశలన్నీ వాడి చదువు మీదే. ఈ ఏర్పాటు తెలుగు ఇళ్లలో ఎవరికీ వివరించి చెప్పక్కర్లేదు, అన్న పనిలోకి దిగి తమ్ముణ్ని చదివించడం శ్రీకాకుళం నుంచి విశాఖకు వలసొచ్చిన ఇళ్లలో రోజూ కనిపించేదే. ఉత్తర కొరియాతో యుద్ధం మొదలయ్యాక తమ్ముణ్ని బలవంతంగా రైలెక్కిస్తారు, దింపడానికి వెళ్లిన అన్ననూ పట్టుకుపోతారు. పెద్ద పతకం సాధిస్తే తమ్ముణ్ని ఇంటికి పంపించుకోవచ్చని అన్నకు తెలుస్తుంది. అక్కడి నుంచి ప్రమాదం ఎక్కడుంటే అక్కడికి నేనెళతానంటాడు.

ఇంతవరకు చూస్తే త్యాగం కథే. సినిమా గొప్పతనం ఆ తర్వాత ఉంది. తమ్ముడి కోసం మొదలుపెట్టిన తెగింపు అన్నను నెమ్మదిగా మార్చేస్తుంది. చంపడం అలవాటవుతుంది, లొంగిపోయినవాళ్ల మీద కూడా జాలి పోతుంది, పేరు రావడం బాగుంటుంది. తమ్ముడికి ఇది కనిపిస్తుంది, నా పేరు చెప్పి నువ్వు చేస్తున్నది ఇదా అని ఎదురుతిరుగుతాడు. అడగని త్యాగం నెత్తిన పడితే ఎంత బరువుగా ఉంటుందో ఇంత సూటిగా చూపించిన సినిమా మరొకటి దొరకడం కష్టం. మన సినిమాల్లో అన్న త్యాగానికి తమ్ముడు కాళ్ల మీద పడతాడు, కథ అయిపోతుంది. ఇక్కడ తమ్ముడు కోపంతో మాట్లాడటం మానేస్తాడు, అదే నిజం.

ఆ తర్వాత తమ్ముడు మంటల్లో చనిపోయాడని నమ్మి అన్న శత్రువుల పక్షానికి మారిపోతాడు. చివరి పోరులో తమ్ముడు వెతుక్కుంటూ వస్తే గుర్తుపట్టలేనంత పిచ్చిలో ఉంటాడు. గుర్తుపట్టాక వాణ్ని పంపించేసి, వాడు తప్పించుకునేదాకా తుపాకీ తను చేరిన పక్షం మీదికే తిప్పి నిలబడతాడు. యాభై ఏళ్ల తర్వాత తవ్వకాల్లో ఎముకలు దొరుకుతాయి, వాటితో పాటు ఒక ఫౌంటెన్ పెన్ను. అన్న తమ్ముడి కోసం కుట్టిన బూట్లు కూడా సినిమాలో ఒక దారంలా నడుస్తాయి. యుద్ధకాండలో లక్ష్మణుడు పడిపోయినప్పుడు రాముడు అంటాడు కదా, భార్యలు ఏ దేశంలోనైనా దొరుకుతారు, బంధువులూ దొరుకుతారు, తోడబుట్టినవాడు దొరికే దేశం మాత్రం కనిపించదు అని. జిన్-టే పిచ్చితనమంతా ఆ మాటలోనే ఉంది, అది ఎంత దూరం లాక్కెళ్లగలదో సినిమా చూపిస్తుంది. సోల్‌లోని యుద్ధ స్మారకం దగ్గర రెండు వైపులా పోరాడిన అన్నదమ్ములు కావలించుకున్న పెద్ద విగ్రహం ఉంది, నిజంగా యుద్ధరంగంలో ఎదురుపడిన అన్నదమ్ముల కథ నుంచే అది పుట్టింది.

బ్రిటన్‌లో మొదటి ప్రపంచ యుద్ధంలో ఒకే ఊరి కుర్రాళ్లనూ అన్నదమ్ములనూ ఒకే దళంలో చేర్చుకున్నారు. 1916 జూలై 1న ఆక్రింగ్టన్ దళం సుమారు 700 మందితో ముందుకు కదిలితే, చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, జాడ తెలియనివాళ్లు కలిపి 584 మంది. ఒక్క పొద్దుటి పూటలో ఒక ఊరు ఊరంతా ఏడ్చింది.

మన దేశంలో అన్నదమ్ములు సైన్యంలో ఉండటం వింత కాదు, పైగా ఆర్మీలో దానికి ఒక దారే ఉంది. ఉద్యోగంలో ఉన్న సైనికుల, మాజీ సైనికుల కొడుకులకూ సొంత తమ్ముళ్లకూ యూనిట్ హెడ్‌క్వార్టర్స్ కోటాలో రిక్రూట్‌మెంట్ జరుగుతుంది, దాన్నే కుర్రాళ్లు రిలేషన్ భర్తీ అంటారు. అన్న చేరిన రెజిమెంట్ సెంటర్‌కే తమ్ముడు వెళ్లి పరిగెత్తుతాడు. 1965 యుద్ధంలో ట్రెవర్ కీలర్, డెంజిల్ కీలర్ అనే అన్నదమ్ములు ఎయిర్‌ఫోర్స్‌లో చిన్న నాట్ విమానాలు నడిపి పాకిస్తాన్ సేబర్ విమానాల్ని కూల్చారు, ఒకరు సెప్టెంబర్ 3న, ఇంకొకరు 19న, ఇద్దరికీ వీర్ చక్ర వచ్చింది. ఇద్దరూ వేరువేరు స్క్వాడ్రన్లలో ఉన్నారు. మధ్యలో ఆ పదహారు రోజులు ఇంట్లోవాళ్లు ఎలా గడిపి ఉంటారన్నది తల్చుకుంటే అదే ఒక సినిమా.

తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం పేరులోనే సైన్యం ఉంది. ఉత్తరాంధ్ర సంగతి విశాఖలో ఉన్నవాళ్లకు తెలియనిది కాదు. తెల్లవారుజామున ఆర్కే బీచ్‌లోనో గ్రౌండ్లలోనో 1600 మీటర్ల పరుగు కోసం ప్రాక్టీస్ చేసే కుర్రాళ్లలో అన్నదమ్ములు కనిపిస్తారు. అన్న లీవ్‌లో వచ్చి టైమ్ చూస్తుంటాడు, తమ్ముడు పరిగెత్తుతాడు. వెనక ఇంట్లో తల్లి మాట మాత్రం ఒకటే ఉంటుంది: ఒకడు వెళ్లాడుగా, ఇంకొకడైనా ఇంటి పట్టున ఉంటే బాగుణ్ను. ఆ మాటా ఉంటుంది, రెండో జీతం వస్తే ఇంటికి శ్లాబు పడుతుందన్న ఆశా ఉంటుంది. దేశభక్తి డైలాగులు రాసేవాళ్లు ఈ రెండోదాన్ని సిగ్గుపడే విషయంలా దాచేస్తారు. దాచకూడదు, ఆ శ్లాబు కోసం మంచుకొండల్లో నిలబడినవాడి దేశభక్తి ఏం తక్కువ కాదు.

మరి తెలుగులో ఈ సినిమా ఎందుకు రాలేదు? దగ్గరగా వచ్చింది 2015లో క్రిష్ తీసిన కంచె. రెండో ప్రపంచ యుద్ధం, ఒకే దళంలో హరిబాబూ, అతను ప్రేమించిన సీత అన్న ఈశ్వరప్రసాదూ. గమనిస్తే మన యుద్ధ కథల్లో అన్నదమ్ముల కంటే బావా బావమరుదులకే పెద్ద పీట. కృష్ణార్జునులు బావా బావమరుదులే. 1757 నాటి బొబ్బిలి యుద్ధంలో రంగారాయుడికీ తాండ్ర పాపారాయుడికీ ఉన్న చుట్టరికమూ అదే, ఇక్కడి బుర్రకథలు ఎన్నో రాత్రులు పాడుకున్న కథ. బావా బావమరుదుల మధ్య ఒక ఆడపిల్ల ఉంటుంది, ఇద్దరిలో ఎవరు పోయినా నష్టపోయేది ఆమే, కాబట్టి కథకు పగా ప్రేమా రెండూ దొరుకుతాయి. అన్నదమ్ముల మధ్య ఉండేది తల్లి. తల్లి పాత్రను మన సినిమా దండం పెట్టి పక్కన నిలబెట్టడమే కానీ కథ నడిపించనివ్వదు. ఇంకో చిక్కు, ఇద్దరు హీరోలుంటే ఇద్దరికీ సమానంగా ఫైట్లూ ఎలివేషన్లూ ఉండాలి. ఇద్దరూ సమానమైన వీరులైతే ఒకరికొకరు ఆధారం అన్న భావమే పోతుంది. ఒకడు భయపడాలి, ఒకడు తప్పు చెయ్యాలి, అప్పుడే ఇంకొకడికి పని ఉంటుంది.

విశాఖ తీరం దగ్గర 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక మునిగిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మీద 2017లో తెలుగులో సినిమా వచ్చింది, నీళ్ల కింద యుద్ధాన్ని మనవాళ్లు తీయగలరని అది చూపించింది. కాబట్టి సాంకేతికంగా అడ్డేమీ లేదు. మునిగిన ఘాజీలో తొంభై మందికి పైగా ఉన్నారు. బీచ్ రోడ్డులో గెలుపు గుర్తుగా స్మారకం ఉంది, నేవీ విన్యాసాలు జరిగితే ఊరంతా చూడటానికి వస్తుంది, అది రావాల్సిందే. సినిమా తీసేవాళ్లు మాత్రం ఆ తొంభై మంది ఇళ్లకూ కబురు ఎలా వెళ్లి ఉంటుందో ఒక్కసారైనా ఊహించుకోవాలి.

సలివన్ల సినిమా దగ్గర ఒక సంగతి మిగిలిపోయింది. 1944 సినిమా చివర్లో ఓడ దెబ్బతింటుంది, పెద్దన్న జార్జ్ కింద ఆసుపత్రి గదిలో ఉంటాడు, అన్నను వదిలి ఎలా వెళ్తామని తమ్ముళ్లు నలుగురూ కిందికి పరిగెత్తుతారు, అంతలో ఓడ పేలిపోతుంది. తర్వాత మేఘాల్లో ఐదుగురూ నడుస్తుంటారు, చిన్నోడు ఎప్పటిలాగే వెనక నుంచి పరిగెత్తుకొస్తాడు. కొడుకుల్ని పోగొట్టుకున్న వేలమంది థియేటర్లో కూర్చున్న రోజుల్లో అంతకంటే ఏం చూపించగలరు, అది దయతో చేసిన మార్పే. జరిగింది మాత్రం దానికి తిరగేసి ఉంది. ముగ్గురు పేలుడులోనే పోయారు, ఆల్ ఆ తర్వాత నీళ్లలో మునిగిపోయాడు. జార్జ్ మాత్రం అప్పటికి బతికాడు. నాలుగైదు రోజులు ఆ నూనె తేలే నీళ్లలో, తెప్పల మధ్య, తమ్ముళ్ల పేర్లు పెట్టి పిలుస్తూ వెతికాడని ఒడ్డుకు చేరినవాళ్లు చెప్పారు.